యూనిట్ 12: ఊపిరి పోసే యంత్రం, దాని వెంట వచ్చిన నెమ్ము – దక్షిణ తెలంగాణలో వెంటిలేటర్ న్యుమోనియా చరిత్ర

12.1 పరిచయం

గత యూనిట్లలో మీరు హైదరాబాద్ రాజ్యంలో మశూచి, ప్లేగు, మలేరియాల చరిత్ర చదివారు. అవి ఊరిని పట్టిన జబ్బులు. వాటికి భయపడి కొందరు ఊరు వదిలారు, కొందరు ఆసుపత్రికి వెళ్లారు. ఈ యూనిట్‌లో మీరు చదవబోయే జబ్బు ఆసుపత్రి లోపలే పుడుతుంది. అందులోనూ ఐసీయూలో, వెంటిలేటర్ మీద ఊపిరి తీసుకుంటున్న రోగికి వస్తుంది. దీన్ని వెంటిలేటర్ న్యుమోనియా అని పిలుద్దాం. రోగి గొంతులో గొట్టం వేసి 48 గంటలు దాటిన తరువాత ఊపిరితిత్తుల్లో కొత్తగా బ్యాక్టీరియా చేరి నెమ్ము కడితే వైద్యులు ఈ పేరు వాడతారు. 48 గంటల గీత ఎందుకంటే, అంతకు ముందే కనిపించిన న్యుమోనియాను రోగి ఇంటి నుంచో దారిలోనో తెచ్చుకొని ఉండవచ్చు.

ఇది వైద్య విద్యార్థులు చదవవలసిన విషయం కదా, చరిత్ర పాఠంలో ఎందుకని మీకు అనిపించవచ్చు. చాలా జబ్బులు ఎప్పుడు పుట్టాయో ఎవరూ చెప్పలేరు. దీని కాలం మాత్రం ఇంచుమించుగా చెప్పవచ్చు, ఎందుకంటే ఇది ఒక యంత్రంతో పాటు పుట్టింది. అంతకన్నా ముఖ్యమైన కారణం మరొకటి ఉంది. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఈ జబ్బుతో పోయిన ప్రాణాలు కాగితాల మీద సాధారణంగా వేరే పేర్ల కింద ఉంటాయి. ఆ పేర్ల వెనక దీన్ని ఎలా గుర్తుపట్టాలన్నదే ఈ యూనిట్‌లో అసలు విషయం.

12.2 గొట్టం గొంతులోకి ఎలా వచ్చింది

హైదరాబాద్‌కు ఊపిరిని గురించిన ఒక పాత వాదనతో సంబంధం ఉంది. 1888లోను, 1889లోను ఇక్కడ రెండు క్లోరోఫాం కమిషన్లు పనిచేశాయి. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ వాటిని నడిపించాడు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ఖర్చు భరించాడు. పాలమూరుకు మహబూబ్‌నగర్ అన్న పేరు ఈ నిజాం మీదుగా వచ్చిందే. మత్తు ఇచ్చేటప్పుడు క్లోరోఫాం ముందుగా ఆపేది శ్వాసను, కాబట్టి నాడి పట్టుకొని కూర్చోకుండా ఊపిరిని చూస్తూ ఉండాలని ఆ కమిషన్లు తేల్చాయి. క్లోరోఫాం గుండెను నేరుగా కూడా ఆపగలదని 1911లో ఎ. జి. లెవీ ప్రయోగాలు చూపడంతో ఆ తీర్మానం నిలవలేదు. అయితే ఊపిరి ఆగిపోతే ఏం చేయాలన్న ప్రశ్న మాత్రం మిగిలింది.

దానికి మొదట వచ్చిన పెద్ద జవాబు ఇనుప ఊపిరితిత్తి. 1928లో అమెరికాలోని బోస్టన్‌లో ఫిలిప్ డ్రింకర్, లూయీ షా దీన్ని వాడకంలోకి తెచ్చారు. రోగిని మెడ వరకు ఒక ఇనుప పీపాలో పడుకోబెట్టి, పీపాలోని గాలి ఒత్తిడిని తగ్గిస్తూ పెంచుతూ ఛాతీని కదిలించేవారు. ఇక్కడ ఒక్క సంగతి గమనించండి. ఈ యంత్రం రోగి గొంతును ముట్టుకోదు.

1952 వేసవిలో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్‌లో పోలియో విరుచుకుపడింది. బ్లెగ్డాం ఆసుపత్రిలో ఉన్నది ఒక్క ఇనుప ఊపిరితిత్తి, ఛాతీకి తొడిగే చిన్న పరికరాలు ఆరు. శ్వాస కండరాలు చచ్చుబడి చేరిన మొదటి 31 మందిలో 27 మంది చనిపోయారు. అప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు వైద్యుడిని పిలిపించారు. ఆయన ఆగస్టు 27న పన్నెండేళ్ల బాలిక గొంతు కింద రంధ్రం చేసి, గొట్టం వేసి, రబ్బరు సంచితో గాలిని లోపలికి నెట్టాడు. ఆమె బతికింది. తరువాతి నెలల్లో సుమారు 1500 మంది వైద్య విద్యార్థులు వంతులవారీగా రోగుల పక్కన కూర్చొని రాత్రింబవళ్లు ఆ సంచులు నొక్కారు. మరణాలు బాగా తగ్గాయి. 1953 డిసెంబరులో ఇబ్సెన్ అదే నగరంలో తీవ్ర రోగులకు ప్రత్యేక విభాగం తెరిచాడు. ఈనాటి ఐసీయూలకు దాన్ని మూలంగా చెప్తారు.

విద్యార్థుల చేతులు చేసిన పనిని కొద్ది కాలంలోనే యంత్రాలు అందుకొన్నాయి. అలా గాలి లోపలికి వెళ్లే దారి శాశ్వతంగా గొంతులోకి వచ్చింది. మామూలుగా మన ముక్కు, గొంతు, దగ్గు కలిసి ఊపిరితిత్తులకు కాపలా కాస్తాయి. గొట్టం వేసిన రోగి దగ్గలేడు. స్వరతంతులు మూసుకోవు. గొట్టం చివర గాలి బయటికి పోకుండా ఉబ్బించిన చిన్న బుడగ ఉంటుంది. నోటిలోని లాలాజలం, తెమడ ఆ బుడగ పైన మడుగు కట్టి, దాని అంచుల వెంట చుక్కచుక్కగా కిందికి జారతాయి. గొట్టం లోపలి గోడకు బ్యాక్టీరియా నీటితొట్టిలో పాచిలా అంటుకుంటుంది.

ఈ సంగతి ఒక్కసారిగా తెలిసింది కాదు. 1960లలో అమెరికాలోని డల్లాస్ వైద్యులు మొదట యంత్రాన్నే అనుమానించారు. గాలికి తేమ కలిపే పరికరాల్లో నీరు నిలిచి, అందులో బ్యాక్టీరియా పెరిగి, సన్నని తుంపరలతో పాటు ఊపిరితిత్తుల్లోకి వెళ్తున్నదని 1965లో చూపారు. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లంతో ఆ పరికరాలను శుభ్రపరిస్తే తీవ్రమైన న్యుమోనియాలు తగ్గాయి. తగ్గాయే కాని పోలేదు. 1969లో అదే బృందంలోని జోహాన్సన్, పియర్స్, శాన్‌ఫర్డ్ మరో విషయం ప్రచురించారు. ఆరోగ్యవంతుల గొంతులో అరుదుగా కనిపించే గ్రామ్-నెగెటివ్ బ్యాక్టీరియా, ఆసుపత్రిలో చేరిన తీవ్ర రోగుల గొంతులో కొద్ది రోజుల్లోనే కాపురం పెడుతున్నది. అంటే యంత్రాన్ని కడిగితే సరిపోదు. ఆసుపత్రిలో ఉండటమే రోగి గొంతును మారుస్తున్నది. ఈ జబ్బు చరిత్రలో ఇది పెద్ద మలుపని నా అభిప్రాయం.

12.3 నల్లగొండకు, పాలమూరుకు యంత్రం వచ్చిన దారి

దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతాల్లో తీవ్రంగా జబ్బుపడ్డవారికి చాలాకాలం ఒకటే దారి: హైదరాబాద్. ఉస్మానియా, గాంధీ, ఆ తరువాత నిమ్స్. నల్లగొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా దూరం దాదాపు 100 కిలోమీటర్లు. దేవరకొండ, అచ్చంపేట, గద్వాల వైపు ఊళ్లకు ఇంకా ఎక్కువ. శ్వాస అందని మనిషి ఆ దూరం దాటి బతకడం కష్టం. కాబట్టి గొట్టంతో వచ్చే న్యుమోనియా ఈ ప్రాంతంలో పెద్ద సమస్య కావాలంటే, ముందు రోగి గొట్టం దాకా ప్రాణాలతో చేరాలి.

ఆ మార్పు 2005 తరువాత వేగంగా వచ్చింది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్స్ సేవ మొదలై తరువాత జిల్లాలకు విస్తరించింది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకాన్ని మూడు జిల్లాల్లో ప్రారంభించారు. వాటిలో మహబూబ్‌నగర్ ఒకటి (మిగిలినవి అనంతపురం, శ్రీకాకుళం). అదే ఏడాది డిసెంబరులో రెండో దశలో నల్లగొండ చేరింది. అప్పటికే 1999 నుంచి నార్కట్‌పల్లిలో, మహబూబ్‌నగర్‌లో ప్రైవేటు వైద్య కళాశాలలు ఉన్నాయి. ప్రభుత్వ వైద్య కళాశాల మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటలలో 2019లో, నాగర్‌కర్నూల్, వనపర్తిలలో 2022లో వచ్చాయి. పాత నల్లగొండ జిల్లాలోని బీబీనగర్‌లో ఎయిమ్స్ వెలసింది. కోవిడ్ కాలంలో, 2020 మే నెలలో కేంద్ర ప్రభుత్వం పీఎం కేర్స్ నిధి నుంచి 50,000 వెంటిలేటర్లకు 2000 కోట్ల రూపాయలు కేటాయించింది.

ఈ తేదీలను కంఠస్థం చేయనక్కర లేదు. వాటి మధ్య ఉన్న తేడాను చూడండి. వెంటిలేటర్‌ను ఒక్క ఉత్తర్వుతో కొనవచ్చు, లారీలో పంపవచ్చు. దాని పక్కన నిలబడవలసిన నర్సుకు జీఎన్ఎం చదువే మూడేళ్లు. ఐసీయూలో చేయి తిరగడానికి ఇంకొంత కాలం. వెంటిలేటర్ మీద ఉన్న ఒక్కో రోగికి ఒక్కో నర్సు ఉండాలన్నది ప్రమాణం. రాత్రి రెండు గంటలకు జిల్లా ఆసుపత్రి ఐసీయూలో ఆ లెక్క ఎలా ఉంటుందో, అక్కడ ఎవరినైనా కనిపెట్టుకొని కూర్చున్న మీలో కొందరికి తెలిసే ఉంటుంది.

అంబు బ్యాగ్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నొక్కి వదిలితే తనంతట తాను ఉబ్బే ఈ సంచిని 1956లో డెన్మార్క్‌లోనే హెన్నింగ్ రూబెన్, హోల్గర్ హెసె రూపొందించారు. వెంటిలేటర్ ఖాళీ లేనప్పుడు రోగి అన్నో, మేనమామో ఆ సంచిని నొక్కుతూ కూర్చోవడం మన ప్రభుత్వ ఆసుపత్రులకు కొత్త కాదు. కోపెన్‌హాగెన్ విద్యార్థులకు వంతులు ఉండేవి, వెనక వైద్యులు ఉండేవారు. మన దగ్గర మేనమామ చేతులు కడుక్కోవాలని చెప్పేవారు ఉంటే అదృష్టమే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
(అ) ఇనుప ఊపిరితిత్తికి, గొంతులో గొట్టంతో పనిచేసే యంత్రానికి గల తేడా న్యుమోనియా విషయంలో ఎందుకు ముఖ్యం?
(ఆ) 1965, 1969 పరిశోధనలు ఒకదాన్నొకటి ఖండిస్తున్నాయా, పూరిస్తున్నాయా? మీ మాటల్లో రాయండి.

12.4 పురుగుమందు, గొట్టం, నెమ్ము

ఈ ప్రాంతంలో వెంటిలేటర్ మీదికి చేరేవారు ఎవరు? జాతీయ రహదారుల మీద తలకు దెబ్బ తగిలినవారు, కట్లపాము కాటుకు కండరాలు చచ్చుబడ్డవారు, ముసలితనంలో ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారు ఉంటారు. అయితే పత్తి పండే నేలకు ప్రత్యేకమైన వర్గం ఒకటి ఉంది: పురుగుమందు ఒంట్లోకి వెళ్లినవారు. పిచికారీ చేసేటప్పుడు కావచ్చు, మనసు విరిగిన ఘడియలో కావచ్చు.

దీనికి బాగా నమోదైన ఉదాహరణ మన పొరుగున ఉన్న వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి. 1997 నుంచి 2002 వరకు అక్కడ పురుగుమందు విషంతో 8040 మంది చేరారని, వారిలో 22.6 శాతం చనిపోయారని 2005లో వెలువడిన ఒక అధ్యయనం చెప్తుంది. 2002లో చేరినవారిలో మూడింట రెండు వంతుల మంది ముప్పై ఏళ్ల లోపువారు. వరంగల్ నల్లగొండ కాదు, నిజమే. అయినా వానకు ఎదురుచూసే చేను, పత్తి, అప్పు, దుకాణంలో అరువుకు దొరికే మందు డబ్బా రెండు చోట్లా ఒకటే.

ఆర్గానోఫాస్ఫేట్ జాతి మందులు నరాలకు, కండరాలకు మధ్య కబురు ముగించే ఎంజైమును పట్టి ఉంచుతాయి. అందువల్ల నోటిలో, ఊపిరితిత్తుల్లో నీరు ఊరుతుంది, కండరాలు అలసిపోతాయి. అట్రోపిన్‌తో మొదటి గండం గట్టెక్కినట్టు కనిపిస్తుంది. ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకొంటారు. అప్పుడు రెండో గండం వస్తుంది. విషం తగిలిన 24 నుంచి 96 గంటల మధ్య మెడ, ఛాతీ కండరాలు మళ్లీ చచ్చుబడటాన్ని శ్రీలంకలో సేనానాయకె, కరళియద్దె అనే వైద్యులు 1987లో పది మంది రోగుల్లో వివరించారు. అప్పటిదాకా తల ఎత్తి మాట్లాడిన మనిషి దిండు మీద నుంచి తల లేపలేడు. అతడిని బతికించేది వెంటిలేటరే. కండరాలు కోలుకొనే దాకా రోజులు, ఒక్కోసారి వారాలు గొట్టం ఉండాలి.

గొట్టం ఎన్ని రోజులుంటే న్యుమోనియాకు అన్ని అవకాశాలు. పైగా ఈ రోగికి వాంతిలో కొంత ముందే ఊపిరితిత్తుల్లోకి పోయి ఉంటుంది. నోటిలో ఊరే నీరు ఎక్కువ. దాన్ని పదేపదే సక్షన్ పెట్టి తీయాలి. తీసే ప్రతిసారీ చేతి తొడుగు, గొట్టం శుభ్రంగా ఉండాలి. విషం రక్తం నుంచి పోయి, కండరాలు కూడదీసుకొంటున్న ఆరో రోజునో, ఏడో రోజునో జ్వరం వస్తుంది. తెమడ చిక్కబడి రంగు మారుతుంది. ఎక్స్‌రేలో కొత్త మచ్చ కనిపిస్తుంది. ఇరవై అయిదేళ్ల మనిషి పురుగుమందును తట్టుకొని నెమ్ముకు ఓడిపోవడమంటే ఇదే. బతికినా ఐసీయూలో రోజులు పెరుగుతాయి, మందుల ఖర్చు పెరుగుతుంది, ఆ ఖర్చుకు మరో అప్పు పుడుతుంది.

12.5 కాగితాల మీద దొరకని జబ్బు

పై రోగి చనిపోయాడనుకొందాం. పోలీసులు అసహజ మరణంగా కేసు నమోదు చేస్తారు, పంచనామా చేస్తారు, పోస్టుమార్టం జరుగుతుంది. ఆ కాగితాల్లో కథ పురుగుమందుతో మొదలై పురుగుమందుతో ముగుస్తుంది. వైద్యులు నింపే మరణ కారణ ధ్రువపత్రంలో తక్షణ కారణం, దాని వెనకి కారణం, అన్నిటికీ మూలమైన కారణం అని వరుస ఉంటుంది. న్యుమోనియా ఉంటే పై గడిలో ఉంటుంది. కాని ప్రభుత్వ గణాంకాలు లెక్కలోకి తీసుకొనేది మూల కారణాన్ని. రోడ్డు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి, పన్నెండో రోజున న్యుమోనియాతో పోయిన మనిషి కూడా ప్రమాద మృతుడిగానే లెక్కలోకి వెళ్తాడు.

ఇందులో తప్పు లేదు. మరణాల నివారణకు మూల కారణం తెలియడం అవసరమే. అయితే చరిత్రకారుడికి దీని ఫలితం తెలిసి ఉండాలి. ఆసుపత్రి చేర్చిన భాగం లెక్కలో కనిపించదు. రైతు మరణాల మీద ఎన్నో పుస్తకాలు, నివేదికలు వచ్చాయి. ధర, వర్షం, వడ్డీ గురించి అవి చెప్పవలసినవి చెప్పాయి. చేనుకు, శ్మశానానికి మధ్య ఐసీయూలో గడిచిన వారం రోజుల గురించి చాలావరకు మాట్లాడలేదు.

లెక్కలు అసలే లేవని అనుకోకండి. 2007లో ఏడు భారతీయ నగరాల ఐసీయూల నుంచి వచ్చిన ఒక అధ్యయనం ప్రతి 1000 వెంటిలేటర్ రోజులకు 10.46 న్యుమోనియాలు నమోదు చేసింది. వెంటిలేటర్ రోజు అంటే ఒక రోగి యంత్రం మీద గడిపిన ఒక రోజు. పది మంది పదేసి రోజులు ఉంటే 100 రోజులు. ఇది పేషెంట్ల శాతం కాదు, రెండింటినీ కలపవద్దు. పరీక్షల్లో తరచు జరిగే పొరపాటు ఇది.

నిర్వచనం మారితే లెక్క కూడా మారుతుంది. ఎక్స్‌రేలో మచ్చ కొత్తదా పాతదా, నీరా నెమ్మా అన్నది చూసేవారి కంటిని బట్టి ఉంటుంది. అమెరికాలో కొన్ని ఆసుపత్రులు తమ దగ్గర ఈ జబ్బు దాదాపు సున్నా అని చెప్పుకోసాగాయి. 2013 జనవరిలో అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం ఈ చిక్కు వల్లే పాత పద్ధతిని పక్కన పెట్టి, యంత్రం మీద రోగికి ఆక్సిజన్ అవసరం హఠాత్తుగా పెరగడాన్ని కొలిచే కొత్త పద్ధతి పెట్టింది. కాబట్టి ఏ ఆసుపత్రి గోడ మీదైనా సున్నా కనిపిస్తే, ఎవరు లెక్కపెట్టారు, ఏ నిర్వచనంతో లెక్కపెట్టారు అని అడగండి.

12.6 మందు సీసా, మంచం వాలు

భారతీయ ఐసీయూల్లో ఈ జబ్బు తెచ్చే బ్యాక్టీరియాలలో ముఖ్యమైనవి అసినెటోబాక్టర్, క్లెబ్సియెల్లా, సూడోమొనాస్. ఇవి మందులకు లొంగకపోవడం మరో పెద్ద చరిత్ర. కార్బపెనెమ్ జాతి యాంటీబయాటిక్‌లను చెడగొట్టే ఎన్‌డీఎం-1 అనే ఎంజైమును, న్యూఢిల్లీలో చికిత్స పొందిన స్వీడన్ రోగి నుంచి 2008లో వేరుచేసిన క్లెబ్సియెల్లాలో కనుగొన్నారు. పేరులో న్యూఢిల్లీ ఉండటం మీద మన ప్రభుత్వం అభ్యంతరం చెప్పింది. పేరు మీద జరిగినంత రభస జబ్బు మీద జరగలేదనే చెప్పాలి. 2012లో వైద్య సంఘాలు చెన్నై ప్రకటనతో ఈ విషయాన్ని చర్చకు తెచ్చాయి. మన హైదరాబాద్ పక్కనే, పటాన్‌చెరు పారిశ్రామిక వ్యర్థజలంలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్టు 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు.

వేరే దారి లేక వైద్యులు కోలిస్టిన్ వైపు తిరిగారు. 1940ల చివర జపాన్‌లో కనుగొన్న ఈ మందును మూత్రపిండాలు దెబ్బతింటున్నాయని 1970ల నాటికి చాలావరకు వదిలేశారు. పాత మందు మళ్లీ ఐసీయూకి వచ్చింది. అదే మందును కోళ్లు బలంగా పెరగడానికి దాణాలో కలపడాన్ని 2019 జులైలో కేంద్రం నిషేధించింది.

మందుల కథ ఇలా ఉంటే, నివారణ కథలో చౌకైన పనులే ఎక్కువ. 1999లో బార్సిలోనాలో ఒక పరీక్ష చేశారు. వెంటిలేటర్ మీద వెల్లకిలా పడుకోబెట్టిన 47 మందిలో 16 మందికి న్యుమోనియా అనుమానం వచ్చింది. తల వైపు మంచాన్ని 45 డిగ్రీలు లేపి ఉంచిన 39 మందిలో ముగ్గురికే వచ్చింది. వెన్నెముక విరిగినవారికి, రక్తపోటు పడిపోయినవారికి ఇది కుదరకపోవచ్చు. మిగిలినవారికి ఖర్చు లేని పని. రోజూ మత్తు తగ్గించి సొంతంగా ఊపిరి తీసుకోగలడేమో చూడటం, గొట్టాన్ని ఒక్క రోజైనా ముందు తీయడం కూడా అలాంటివే. నోటిని క్లోర్‌హెక్సిడిన్ ద్రావణంతో తుడవడం చాలా ఏళ్లు నియమంగా నడిచింది. 2022 అమెరికా మార్గదర్శకాలు దాన్ని తప్పించి, మామూలు బ్రష్‌తో పళ్లు తోమితే చాలన్నాయి. నియమాలకు కూడా చరిత్ర ఉంటుందనడానికి ఇదొక ఉదాహరణ.

ఈ పనులన్నిటికీ కావలసింది ఒక్కటే: గంట గంటకూ రోగి దగ్గరికి వచ్చే మనిషి. మంచం వాలు జారిపోతే సరిచేయాలి, బుడగ ఒత్తిడి చూడాలి, నోరు శుభ్రం చేయాలి, ఒక మంచం నుంచి మరో మంచానికి వెళ్లేలోగా చేతులు కడగాలి. నలుగురు రోగులకు ఒక నర్సు ఉన్నచోట ఇవి ఎన్నిసార్లు జరుగుతాయో ఊహించండి.

12.7 అభ్యాసం

మీ కుటుంబంలోనో, తెలిసినవారి ఇంట్లోనో ఐసీయూలో ఉండి వచ్చినవారి డిశ్చార్జి పత్రం ఒకటి, వారి అనుమతితో చదవండి. చేరిన తేదీ, గొట్టం వేసిన తేదీ, తీసిన తేదీ వేరువేరుగా రాసుకోండి. తెమడ కల్చర్ పంపారా, ఏ రోజున, ఏ బ్యాక్టీరియా పేరు ఉందో చూడండి. మందుల జాబితాలో కోలిస్టిన్, మెరోపెనెమ్ వంటివి ఏ రోజున మొదలయ్యాయో గుర్తించండి. మొదటి పేజీలో రాసిన రోగ నిర్ధారణకు, లోపలి పేజీల్లోని ఈ తేదీలకు పొంతన ఉందా? పత్రం లేకపోతే, ఐసీయూ బయట రాత్రులు గడిపిన ఒకరితో మాట్లాడి వారు చూసినది రెండు పేజీల్లో రాయండి. పేర్లు, ఆసుపత్రి వివరాలు రాయవద్దు. తేదీలు మాత్రం తప్పకుండా రాయండి.